నైవేద్యానికి ముందు తీసిన గిన్నె

దసరా నాడు మధ్యాహ్నం పక్కింటి సత్యవతిగారు మూత పెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. మేము యానాంలోని ఈ కనకాలపేటకి వచ్చిన కొత్తలో ఒకసారి ఇలాగే వచ్చారు. మళ్ళీ ఇదే రావడం. ఈ మధ్యలో బోలెడు దసరాలు వచ్చాయి, వెళ్ళాయి. రండి, కూర్చోండి అన్నా ఆమె లోపలికి రాలేదు. కళ్ళు ఎర్రగా ఉంటే పొయ్యి సెగ తగిలిందేమో అనుకున్నాను.

జరిగిందేమిటంటే, పొద్దున్న ఆమె గారెలు వేస్తూ మొదటి వాయి అమ్మవారికని పళ్ళెంలో పెట్టారు. రెండో వాయి ఈ గిన్నెలోకి తీసి, మూత పెట్టి, వంటింటి కిటికీలో ఉంచారు. ఏటా చేసే పనే కాబట్టి చెయ్యి దానంతట అదే చేసేసింది. పూజ అయ్యింది, హారతి అయ్యింది. గిన్నె ఇచ్చి రావడానికి చెప్పులు వేసుకుంటుంటే అప్పుడు గుర్తొచ్చిందట, ఆ గిన్నె అందుకునే మనిషి వేసవిలోనే పోయిందని.

"మా ఇంట్లో ఎవరికీ అయ్యి తినబుద్ధి కాలేదండి అమ్మగారూ" అన్నారు సత్యవతిగారు. "పారెయ్యలేం కదండి. ఇది దేవుడికి పెట్టింది కాదు, ముందే తీసేసింది. మీకు పనికొత్తాయని తెచ్చాను."

తీసుకున్నాను. థాంక్సండీ అన్నాను. తిన్నాను కూడా. గిన్నె కడిగి సాయంత్రమే ఇచ్చేశాను. గారెలు చాలా బాగున్నాయి, అదే నా బాధ. ఇన్నేళ్ళకి ఆ ఇంటి వంట నా నోటికి అందితే, అది చచ్చిపోయిన మనిషి వాటా అయింది.

నేను పాస్టరు భార్యని. సంఘంలో వాళ్ళు మా ఆయన్ని అయ్యగారనీ నన్ను అమ్మగారనీ పిలుస్తారు, వాళ్ళని చూసి వీధిలో వాళ్ళూ అలాగే అలవాటు పడ్డారు. ఆ రెండో వాయి గారెల మనిషి మా సంఘంలోనే ఉండేది. చేపలు అమ్మేది. పేరు రాయను. ఇప్పటికే యానాంలో సగం మంది నోళ్ళలో ఆవిడ పేరు నానుతోంది, నేను కూడా ప్రచారం చేసిపెట్టాల్సిన అవసరం కనిపించడం లేదు.

అసూయ పాపమని ఆదివారం బడిలో పిల్లలకి చెప్పేదాన్ని నేనే. చెబుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ఆవిడే ఉండేది.

ఆవిడ మోపెడ్ నడిపేది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వెనక ఐసుపెట్టె కట్టుకుని, హారను మీద వేసిన బొటనవేలు తీయకుండా వీధిలోకి వచ్చేది. అది వినగానే ఇళ్ళలోంచి ఆడవాళ్ళు గిన్నెలతో బయటికి వచ్చేవారు. పండుగప్ప ఉందనో, మెత్తళ్ళు ఉన్నాయనో ఆవిడ చెప్పేది తక్కువ. ఎవరి కోడలికి నెల తప్పింది, ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, అది ఎక్కువ. బేరంలో చండశాసనురాలు. ఒక్క రొయ్య ఎక్కువ వేయమంటే, ఆ రొయ్యని పట్టుకున్నవాడి కష్టం మొదటినుంచీ చెప్పి, విన్నవాళ్ళే నోరు మూసుకునేలా చేసేది.

మా ప్రార్థన గుడిలో ఆవిడ చోటు ఫ్యాను కింద. మా ఆయన ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికే నిద్రపోయేది. నిద్రలోనే "ఆమెన్" అనేది, అదీ ఎక్కడ పడితే అక్కడ. ఒకసారి మా ఆయన నరకం గురించి చెబుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆవిడ హాయిగా ఆమెన్ అంది. పాటలు మాత్రం మేలుకుని పాడేది. గొంతు పెద్దది, రాగం తప్పు. నేను పక్కనుంచి సరైన రాగం ఎంత గట్టిగా పాడినా ఆవిడ రాగం ఆవిడదే. తల్లో పూలు. ఆదివారం ఆరాధనకి కూడా మల్లెపూలు పెట్టుకుని వచ్చేది. నేను పూలు పెట్టుకోవడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు ప్రార్థన మీద మనసు నిలిచేది కాదు.

ఇంతకీ నా సంగతి చెప్పాలి. మేము కొత్తగా వచ్చినప్పుడు సత్యవతిగారు చక్కెరపొంగలి తెచ్చారు. "మేము ప్రసాదాలు తీసుకోమండి" అన్నాను. నవ్వుతూనే అన్నాననుకుంటాను. అందులో తప్పేమీ లేదు, ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఆమె కూడా తప్పుగా ఏమీ అనుకోలేదు. అలాగాండీ అని వెనక్కి తీసుకువెళ్ళారు. అంతటితో అయిపోయింది. ఆ తరవాత ఎదురుపడితే నవ్వు, బాగున్నారా అమ్మగారూ అని ఒక మాట. వీధిలో ఇంటింటికీ మారే గిన్నెలు మా గేటు దగ్గర ఆగకుండా వెళ్ళిపోయేవి. ఆవకాయ కలిపినా, పసిపిల్లకి అన్నప్రాసన చేసినా కబురు నా దాకా వచ్చేది, పిలుపు వచ్చేది కాదు.

నేను ఏడవలేదు. విశ్వాసంలో నిలబడినవాళ్ళకి లోకం ఇలాగే ఉంటుంది, ఇది మోయాల్సిన సిలువ అని నాకు నేను చెప్పుకున్నాను. స్త్రీల కూడికలో వాక్యం చెప్పే వంతు వచ్చినప్పుడు అందరికీ చెప్పాను. మన నమ్మకం వేరు కాబట్టి మనం ఒంటరిగానే ఉంటాం, ఒంటరితనం లేదంటే ఎక్కడో రాజీ పడ్డామని అర్థం అన్నాను. నిజంగా నమ్మి చెప్పాను. ఆ రోజు ముందు వరసలో కూర్చున్న ఆవిడ ఒళ్ళోని సంచిలోంచి గారెల వాసన వస్తోంది.

ఒక విషయం ఇక్కడే చెప్పెయ్యాలి. ఆవిడ ప్రసాదం తినేది కాదు. ఆవిడేదో గోడ మీద పిల్లి అయితే నాకు ఇంత మంట ఉండేది కాదు, జాలిపడి ఆవిడ కోసం ప్రార్థన చేసి ఊరుకునేదాన్ని. విగ్రహాలకి అర్పించింది ముట్టకూడదన్న పట్టింపు ఆవిడకి నాకంటే ఎక్కువ. వద్దనడంలోనే తేడా. మొదటిసారి సత్యవతిగారు గారెలు పెట్టబోతే ఆవిడ అన్న మాటల్ని ఆ వీధిలో ఆడవాళ్ళందరూ ఆవిడ గొంతుతో సహా అప్పజెబుతారు.

"అయ్యో, హారతి అయిపోయిందేవిటే. నీ గారెలంటే నాకు పిచ్చి గదే సత్యవతీ. దేవుడికి పెట్టాక నేను తినకూడదు. వచ్చే ఏడు పెట్టకముందే నాకు నాలుగు తీసెట్టు. మర్చిపోయావో, నీకు మెత్తళ్ళు అమ్మను."

అడిగింది. అంతే. ఆ ఇంట్లో దాని మీద పెద్ద గొడవే జరిగిందట. దేవుడి కంటే ముందు మనిషికి తీయడమేమిటని సత్యవతిగారి అత్తగారు లేచారు. చివరికి తగువు తీర్చింది ఆ అత్తగారే. మొదటి వాయి అమ్మవారికి తీసిపెట్టాలి, రెండో వాయి చేపలావిడకి, ఆ తరవాతిది ఇంట్లోవాళ్ళకి. అలా అమ్మవారి వెనకే ఆవిడ వాటా స్థిరపడింది. కడుపున పుట్టిన కొడుకు కూడా ఆవిడ తరవాతే. ఆ పద్ధతి ఆ ఇంట్లోంచి పక్కింటికి, అక్కడినుంచి పక్క ఊళ్ళు అగ్రహారానికి, మెట్టకూరుకి పాకింది. పండగొస్తే ఆవిడ మోపెడ్‌కి ఐసుపెట్టె బదులు గిన్నెల సంచులు వేలాడేవి.

దానికి ఆవిడ చెప్పే లెక్క కూడా చేపల లెక్కే. కార్తీకమాసంలో ఈ వీధుల్లో సగం ఇళ్ళు నీచు ముట్టవు. ఆ నెల మొదలవగానే ఆవిడ ఎవరూ చెప్పకుండానే పెట్టె విప్పేసి, ఆకుకూరల బుట్ట కట్టుకుని వచ్చేది. చేపలు తీసుకోవడం లేదని ఎవరైనా మొహమాటపడితే, "మీరు నెల్లాళ్ళు నా చేపలు మానేత్తే నేనేవన్నా అలిగానా? నేను ప్రసాదం మానేత్తే మీరెందుకు అలుగుతారు?" అనేది. వాళ్ళకి అది వెంటనే అర్థమయ్యేది. ఈ మాట మా ఆయనకి ఎంత నచ్చిందంటే, ఒక ఆదివారం ప్రసంగంలో పెట్టేశారు. పేరు చెప్పలేదు. అయినా సంఘం మొత్తం ఫ్యాను కిందకి తిరిగి చూసింది. ఆవిడ నిద్రపోతోంది.

సత్యవతిగారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మమ్మల్ని కూడా పిలిచారు. కార్డు ఎవరి చేతో పంపారు. ఆ పిలుపు కూడా ఆవిడే చెప్పి ఇప్పించిందని నాకు తరవాత తెలిసింది. అప్పటికి తెలియదు కాబట్టి సంబరంగానే వెళ్ళాను, మంచి చీర కట్టుకుని. ఆవిడ పక్క కుర్చీలో చోటు దొరికింది. ఒక చిన్న కోడలు పళ్ళెంలో కుంకుమ, గంధం, పూలు పెట్టుకుని వరసగా అందరికీ బొట్టు పెడుతూ నా దగ్గరకి వచ్చింది. "మాకు అలవాటు లేదండి" అని మొహం కాస్త వెనక్కి తీసుకున్నాను. పాపం, ఆ పిల్ల చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఏం తప్పు చేశానా అని అటూ ఇటూ చూసింది.

ఆవిడ రెండు చేతులూ చాపింది. "నుదురు మా దేవుడిదమ్మా, చేతులు నీకిచ్చేశాను. గంధం దట్టంగా రాయి. చేపల వాసన పోవాలి" అంది. ఆ పిల్ల నవ్వేసింది. వరస మొత్తం నవ్వింది. గంధం రాయించుకుని, పూలు తీసుకుని అక్కడే తల్లో పెట్టుకుని, పళ్ళెంలో కుంకుమ వైపు చూడనైనా చూడకుండా ఆవిడ ఆ పిల్ల చదువు గురించి అడగడం మొదలుపెట్టింది. ఆ కోడలు మళ్ళీ నా వైపు తిరిగింది. "అమ్మగారూ, మీకూ చేతులకి రాయనా?" అంది. రాయించుకున్నాను. ఇంకేం చేస్తాను. ఇంటికి రాగానే సబ్బుతో కడిగేశాను. గంధం పాపమని కాదు, ఆవిడ దయతో వచ్చిన గంధమని.

ఇక మైకు సంగతి. వినాయకచవితి పందిరి ఆ ఏడాది సరిగ్గా మా గుడికి ఎదురుగా వేశారు. ఆదివారం ఆరాధన మధ్యలో వాళ్ళ పాటలకి మా కిటికీ రెక్కలు అదురుతున్నాయి. మా ఆయన ప్రసంగం ఆపి, పోలీసు స్టేషనుకి వెళ్దామని పెద్దలతో గుసగుసలాడుతున్నారు. అంత చప్పుడులో ఎలా నిద్రపోయిందో తెలియదు కాని, ఆవిడ అప్పుడే లేచి, చెంగు సర్దుకుని, రోడ్డు దాటి పందిట్లోకి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అక్కడి కుర్రాళ్ళు నవ్వుతున్నారు. పాటలు ఆగిపోయాయి. తిరిగి వచ్చి ఫ్యాను కింద కూర్చుంది.

ఆరాధన అయ్యాక ఏం చెప్పారని అడిగాను.

"ఏవుందండి అమ్మగారూ. ఇయ్యాళ మన ఆరాధన అయ్యేదాకా ఆళ్ళు కట్టేత్తారు. రేపట్నించి మన తెల్లారగట్ట మైకు మనం కట్టేత్తాం."

మా ఆయన మైకు! గుడి మీద హారను కట్టి, మేము వచ్చిన దగ్గరనుంచీ తెల్లవారకముందే వాక్యం వినిపిస్తున్నారు. ఊరు దేవుడి మాటతో నిద్ర లేవాలని ఆయన ఆశ. దాన్ని ఈవిడ చేపల బేరంలో కొసరుగా వేసి ఇచ్చేసి వచ్చింది. ఆయన తలెత్తి ఆ హారను వైపు చూశారు. నేను ఊరుకోలేదు, మీకు ఆ హక్కు ఎవరిచ్చారని అడిగాను. ఆవిడకి కోపం రాలేదు. పరీక్షలకి చదువుకునే పిల్లలు ఆ మైకుతో అల్లాడిపోతున్నారని ఆ కుర్రాళ్ళ తల్లులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారట. "మీకు చెప్పలేక నాకు చెప్పుకునేవోరండి" అంది.

మా గోడ పక్కన ఉండే మనుషులు. రోజూ బాగున్నారా అమ్మగారూ అని నవ్వే మనుషులు. వాళ్ళ తిట్లు కూడా ఆవిడకే చేరుతున్నాయి, నాకు నవ్వు మాత్రం మిగులుతోంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మైకు పోయినందుకు కాదు. వాళ్ళు నా మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆవిడ దగ్గరికే వెళ్ళారని.

ఇదంతా చూశాక నాకు ఒక్కటే పురుగు తొలచడం మొదలుపెట్టింది. ఆవిడ వద్దన్నవే నేనూ వద్దన్నాను. ఆవిడ నమ్మినదే నేనూ నమ్మాను. ఒంటరితనం విశ్వాసానికి వచ్చే కష్టమైతే అది ఆవిడకి ఎందుకు రాలేదు? రాకపోయినా ఆవిడ విశ్వాసం చెక్కుచెదరలేదే. అలాంటప్పుడు ఇన్నేళ్ళూ నేను మోసింది ఏమిటి?

ఆవిడకి జ్వరం వస్తే చూడడానికి వెళ్ళినప్పుడు ఈ మాట నోరు జారాను. పాస్టరమ్మని కాబట్టి ప్రార్థన చేయడానికి వెళ్ళాను. చేశాను. ఆవిడ మంచం మీద దుప్పటి కప్పుకుని, అంత జ్వరంలోనూ తల్లో పూలతో, నాకు టీ పెట్టమని కూతురికి వంటింటి వైపు కేకలేస్తోంది. కిటికీ గట్టు మీద మూడు ఇళ్ళ క్యారేజీలు వరసగా ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"మీకేమండీ, ఊరంతా చుట్టాలే. దేవుణ్ణి నమ్ముకుని మీరు పోగొట్టుకున్నదేమీ లేదు" అన్నాను.

ఆవిడ దిండుకి చేరగిలబడింది. ఆ తరవాత వాళ్ళ అన్నయ్య గురించి చెప్పింది. ఆవిడ పుట్టింటివాళ్ళు అమ్మవారిని కొలిచే చేపల వేటగాళ్ళని, పెళ్ళయ్యాకే ఈ నమ్మకంలోకి వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. అన్నయ్య అప్పో సప్పో చేసి కొత్త పడవ చేయించాడట. వాళ్ళలో పడవని మొదటిసారి గోదావరిలోకి దింపేటప్పుడు ఇంటి ఆడపడుచు దాని ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇవ్వాలి. ఆయనకి ఈవిడ ఒక్కతే చెల్లెలు. వస్తానంది. అందరికీ వంట చేస్తానంది. మగవాళ్ళతో పాటు పడవకి భుజం ఆనించి తోస్తానంది. హారతి మాత్రం ఇవ్వలేనంది. రేవులో అందరి ముందూ ఆయన హారతి పళ్ళెం పట్టుకుని ఈవిడ వైపు చూస్తూ నిలబడ్డాడట. కర్పూరం కరిగి ఆరిపోయేదాకా.

"చివరికి మా వొదిన ఇచ్చిందండి హారతి. ఆ రోజు మొదలు మా అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. ఏళ్ళూ పూళ్ళూ మాట్లాళ్ళేదండి."

అన్ని ఏళ్ళూ ఈవిడ రోజూ పొద్దున్నే చేపలు కొన్నది అన్నయ్య పడవ దగ్గరేనట. వేరే పడవలు లేక కాదు. ఆయన మొహం పక్కకి తిప్పుకుని తూకం వేసేవాడు. ధర వేరేవాడి చేత చెప్పించేవాడు. "మాటాడకపోతే ఏవండి, తూకం మాత్రం మొగ్గుగా ఏసేవోడు" అని ఆవిడ నవ్వింది. మళ్ళీ మాటలు ఎలా కలిశాయని అడిగితే, నవనవలాడే పండుగప్పని పట్టుకుని ఇది కుళ్ళిపోయిందని రేవంతా వినపడేలా రచ్చ చేసిందట. తన చేపని కుళ్ళిందంటే ఏ వేటగాడు ఊరుకుంటాడు? తిట్టడానికి ఆయన నోరు తెరిచాడు. ఒకసారి తెరిచిన నోరు మళ్ళీ మూయలేకపోయాడు.

"ఆ హారతి ఇచ్చేసుంటే బాగుండేదని అనిపించలేదా?" అన్నాను.

"రోజూ అనిపించేదండి. మళ్ళీ పడవ కడితే మళ్ళీ ఇవ్వననుకోండి." కూతురు తెచ్చిన టీ గ్లాసు నా చేతికి అందిస్తూ మామూలుగా అడిగింది, "మీతో ఎవరన్నా అలా మాట్లాడ్డం మానేశారా అమ్మగారూ?"

వెతుక్కున్నాను. మా పుట్టింట్లో తాత కాలం నుంచీ అందరం విశ్వాసులమే. మెట్టినిల్లూ అంతే. ఈ వీధిలో నాతో మాట్లాడడం మానెయ్యాలంటే ముందు మాట్లాడుతూ ఉండాలి కదా. లేదండీ, ఎవరూ లేరు అన్నాను. గర్వంగా చెప్పుకోవాల్సిన మాట, తల వంచుకుని చెప్పాను. దారి పొడవునా ఆలోచిస్తూ ఇంటికి వచ్చాను. పళ్ళెం పట్టుకుని కర్పూరం ఆరిపోయేదాకా తన కోసం ఆగిన మనిషి ఒకడు ఆవిడకి ఉన్నాడు. ఆవిడ పడిన బాధ మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. ఇంతకంటే దిగజారడం ఉంటుందని అనుకోను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం బజారు దగ్గర మోపెడ్ ఆపి, కళ్ళు తిరుగుతున్నాయని అరుగు మీద కూర్చుందట. మళ్ళీ లేవలేదు. పెట్టెలో ఐసు ఇంకా కరగలేదని చూసినవాళ్ళు చెప్పారు. కబురు వినగానే నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, ఎవరైనా చూస్తున్నారా అని చూసుకోలేదు.

సమాధుల తోటలో పాట ఎత్తుకోవాల్సింది నేను. ఎత్తుకున్నాను, సరైన రాగంలో. సత్యవతిగారు, ఆ వీధి ఆడవాళ్ళు ముందు ప్రహరీ అవతల నిలబడ్డారు. కాసేపటికి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఇంటికి వెళ్ళి ఎలాగూ తలస్నానం చేస్తాం కదా అని ఎవరో అనడం వినిపించింది. చరణంలోకి వచ్చేసరికి వాళ్ళూ గొంతు కలిపారు. నుదుట ఇంతింత బొట్లతో, ఒక్క మాట తడబడకుండా పాడుతున్నారు. చేపలు తూస్తూ ఆవిడ పాడుకుంటుంటే విని విని వచ్చేసిందట. వచ్చింది మాటలు మాత్రమే అయితే బాగుండేది. ఆవిడ తప్పు రాగం కూడా అలాగే వచ్చింది. వాళ్ళు ఎక్కువ మంది, మేము తక్కువ. రెండో చరణానికి మా సంఘం కూడా అటు తిరిగిపోయింది. మూడో చరణంలో నేను కూడా ఆ తప్పు రాగమే పాడాను. ఆవిడ అన్నయ్య గొయ్యి పక్కన నిలబడి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా, అందరికంటే ఆఖరున గుప్పెడు మట్టి వేశాడు.

దసరా వెళ్ళాక చాలా రోజులు ఆ గారెల గురించే ఆలోచించాను. జాలితో వచ్చిన వాటా మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. వచ్చినా అలా రావడం నాకు ఇష్టం లేదు. దీపావళి ముందు రోజు సాయంత్రం మా పెరట్లో బట్టలు తీస్తూ చూస్తే, గోడ అవతల సత్యవతిగారు నానబెట్టిన పప్పు కడుగుతున్నారు. అడగాలనుకున్న మాట అప్పటికే వంటింట్లో నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకున్నాను. తీరా గోడ దగ్గరికి వెళ్ళేసరికి అవన్నీ మరిచిపోయాను. ఎంతోమంది ముందు వాక్యం చెప్పినదాన్ని.

"సత్యవతిగారూ, రేపు పూజకి వంటలు చేస్తారు కదండీ. దేవుడికి పెట్టకముందు నాకు కాస్త తీసిపెడతారా? పెట్టాక నేను తినకూడదు. తినాలని మాత్రం ఉంది."

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. తల ఎత్తి నన్ను చూశారు. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "అచ్చం ఆవిడలాగే అడిగారండి" అన్నారు.

ఇన్నేళ్ళకి ధైర్యం చేసి నా నోటితో నేను అడిగితే, అది కూడా ఆవిడ ఖాతాలోకే పోయింది. సత్యవతిగారు చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే, గోడ మీద చెయ్యి వేసి నేనే ఓదార్చాల్సి వచ్చింది. ఊరుకోండి, మంచి మనిషి, పుణ్యాత్మురాలు అంటున్నాను. అంటూ లోపల కుతకుతలాడిపోతున్నాను. ఆమె తేరుకుని, మళ్ళీ పప్పులో చేతులు పెట్టారు.

"అలాగేనండి అమ్మగారూ, తప్పకుండా తీత్తాను. ఆవిడకైతే గారెలేనండి, ఇంకోటి అడిగేది కాదు. మరి మీకేవిష్టం?"

ఈ వీధిలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అడిగే అవకాశం నేను ఇచ్చిందీ లేదు.

"బూరెలండి" అన్నాను.

"బూరెలా" అని సత్యవతిగారు ఆశ్చర్యపోయారు. "ఆవిడ బూరెలు ముట్టేదే కాదండి. ఎంత బతిమాలినా నోట్లో ఎట్టుకునేది కాదు."

చనిపోయిన మనిషి మీద గెలిచానని సంతోషించడం పాపమని నాకు తెలుసు. ఆదివారం మోకాళ్ళ మీద ఒప్పుకుంటాను. అప్పటికి మాత్రం గోడ మీదికి ఇంకాస్త వంగి, "అయితే కొంచెం ఎక్కువే తీసిపెట్టండి" అన్నాను.